సంగీతం క్లాసు ముగిశాక సాధన: వాట్సాప్, టెలిగ్రామ్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఏది దేనికి?

వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంటసేపు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల్లో చాలామందికి గురువు ఎదుట కూర్చునే సమయం అంతే. మిగతా రోజుల్లో సాధన ఇంట్లోనే జరగాలి. అక్కడ విని దిద్దేవారు ఉండరు. తప్పు పాడితే ఆ తప్పే గొంతుకు అలవాటవుతుంది, వచ్చే క్లాసులో సగం దాన్ని వదిలించడానికే సరిపోతుంది. గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకున్న రోజుల్లో శిష్యుడు అపస్వరం పలికితే గురువు పక్కగదిలోంచే సరిదిద్దేవారు. ఇప్పుడు ఆ పక్కగది పనిని కొంతవరకు ఫోను చేయగలదు. ఏ యాప్‌తో ఏ పని అన్నది తెలిసి వాడుకుంటేనే ఆ మేలు దక్కుతుంది. గాత్రం నేర్పే టీచర్లకు, పిల్లల్ని సంగీతంలో పెట్టిన తల్లిదండ్రులకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందుగా అడగాల్సిన ప్రశ్న

గ్రూపు పెట్టే ముందు టీచర్లు సాధారణంగా చూసేది అందరి దగ్గరా ఏ యాప్ ఉందన్నదే. నేను అడగమనే ప్రశ్న వేరు. పిల్లలు ఇంట్లో పాడినది టీచరు చెవిదాకా ఎలా వస్తుంది?

గురువు పాట శిష్యుడికి చేరడం ఎప్పుడో సులువైపోయింది. క్యాసెట్ల కాలంలో టేప్‌రికార్డరు గురువు ముందు పెట్టి పాఠం రికార్డు చేసుకునేవారు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని వింటూ కీర్తనలు నోటికి పట్టేసినవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. కానీ రేడియో మన పాట వినదు, క్యాసెట్టు మన తప్పు దిద్దదు. సోషల్ మీడియా కొత్తగా తెచ్చింది ఆ తిరుగుదారినే. పిల్లల పాట వెనక్కి రావడం కష్టమయ్యే వేదిక ఎంత పేరున్నదైనా సాధనకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

మిగతావి దాని తర్వాతే చూడాలి: శబ్దం ఎంత ఉన్నదున్నట్టు వినిపిస్తుంది, ఆరు నెలల నాటి పాఠం వెతికితే దొరుకుతుందా, పిల్లల గొంతు ఇంకెవరు వింటారు.

వాట్సాప్: రోజువారీ సాధనకు ఇదే

ఒక ఉదాహరణ చెబుతాను. పిళ్లారి గీతాల్లో (పిల్లలకు మొదట్లో నేర్పే చిన్న పాటలు) అందరూ మొదట నేర్చుకునేది మలహరి రాగంలోని శ్రీగణనాథ. మలహరి ఆరోహణలో, అంటే స్వరాలు ఎక్కేటప్పుడు, గాంధారం (గ) లేదు, అవరోహణలో, అంటే దిగేటప్పుడు, ఉంది. నిషాదం (ని) రెండింటిలోనూ లేదు. గీతాల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నెలల తరబడి మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు పాడి ఉంటారు. ‘స రి గ మ’ నాలుక మీద కూర్చుని ఉంటుంది. అందుకే గీతంలో ‘రి మ ప ధ మ ప’ అని రావాల్సిన చోట వాళ్లకు తెలియకుండానే ‘రి గ మ ప’ దొర్లిపోతుంది.

ఒక పాప రాత్రి భోజనాల వేళ తన అమ్మ ఫోనులోంచి పంపిన వాయిస్ మెసేజ్‌లో సరిగ్గా ఇదే వినిపించింది. గాంధారం వేయవద్దని నేను టైపు చేయలేదు. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ వాక్యంతో ఒరిగేదేమీ లేదు. ‘రి మ ప ధ మ ప, ధ ప మ గ రి స’ అని ఒకటో కాలంలో, అంటే నెమ్మదిగా, రెండుసార్లు పాడి పంపాను. ఎక్కేటప్పుడు గాంధారాన్ని దాటేయడం, దిగేటప్పుడు దాని మీద వాలడం ఆ కొద్ది సెకన్లలోనే వినిపిస్తాయి. మర్నాడు స్కూలుకు వెళ్లేముందు పాప మళ్లీ పాడి పంపింది. చివర్లో ‘ఇప్పుడు బాగుందా టీచర్?’ అని అడిగింది. బాగుంది. ఇదే క్లాసు రోజుదాకా ఆగి ఉంటే ఆ తప్పు ఎన్నిసార్లు పాడి పాడి గట్టిపడేదో ఊహించుకోండి.

పాటకు పాటతోనే జవాబు ఇవ్వడం వాట్సాప్‌లో చాలా తేలిక. మైకు గుర్తు నొక్కి పాడితే చాలు. వయసు పైబడిన సంగీతం మాస్టార్లు కూడా దీన్ని అరగంటలో నేర్చుకుంటారు. స్వరాన్ని ఊపి, జార్చి పలికే గమకాన్ని అక్షరాల్లో రాసి వివరించాలని చూడటం వృథా శ్రమ. కంపితమో జారో చెవిన పడితేనే తెలుస్తుంది. ఈ ఒక్క సుగుణం కోసమే రోజువారీ సాధనకు నేను వాట్సాప్‌కే ఓటు వేస్తాను.

అయితే దీని లోపాలూ తెలిసి ఉండాలి. వాయిస్ మెసేజ్‌ను మాటల కోసం తయారు చేశారు. శబ్దాన్ని బాగా కుదించి పంపుతుంది. శ్రుతి పెట్టె నాదం పలచబడి వినిపిస్తుంది, గొంతులోని సన్నని పలుకులు కొంత మాసిపోతాయి. సరళీ వరుసలకు, గీతాలకు ఇది అడ్డం కాదు. వర్ణాలు, కృతులు పాడే స్థాయికి వచ్చినవారు మాత్రం ఫోనులోని రికార్డర్‌తో విడిగా రికార్డు చేసి, ఆ ఫైలును డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఇంకో లోపం, పాఠాలు నిలవకపోవడం. దసరాకు చేరిన కొత్త పిల్లలకు ఉగాది నాటి పాఠాలు గ్రూపులో కనిపించవు. పంపిన ఆడియోను ముప్పై రోజుల్లోగా దించుకోకపోతే వాట్సాప్ సర్వర్‌లోంచి అది పోతుంది. పండగ శుభాకాంక్షలు, ఫీజు సంగతులు, ‘ఈ రోజు రాలేము మేడమ్’ కబుర్ల మధ్య పాఠం మునిగిపోతుంది. దీనికి నేను పాటించే పద్ధతి చెబుతాను. గ్రూపులో అడ్మిన్ మాత్రమే పంపగలిగేలా సెట్టింగు పెట్టి, దాన్ని పాఠాలకూ ప్రకటనలకూ పరిమితం చేయండి. పిల్లలు తమ పాటను విడిగా మీ నంబరుకే పంపాలి. దీనితో ఇంకో మేలు కూడా ఉంది. పన్నెండేళ్ల పిల్ల తప్పును ఇరవై కుటుంబాల ముందు దిద్దితే రెండోసారి ఆ పిల్ల పాడి పంపదు. గొంతు మారే వయసులోని మగపిల్లల విషయంలో ఇది ఇంకా నిజం. ఆ ఏడాదంతా వాళ్లు పాడటానికే సిగ్గుపడతారు.

శ్రుతి సంగతి మరిచిపోకండి. మాస్టారు తన గొంతుకు సరిపోయే ఒకటో శ్రుతిలో పాడి పంపిన పాఠాన్ని వేరే శ్రుతిలో, అయిదున్నరలో పాడే పాప ఎలా అందుకుంటుంది? కింది స్థాయిలో గొణుగుతూ అనుకరిస్తుంది, అదే అలవాటవుతుంది. పిల్లల శ్రుతిలో పాడగలిగితే పాడి పంపండి. లేకపోతే అదే స్థాయిలో చక్కగా పాడే పెద్ద విద్యార్థిని చేత పాడించి పంపండి. పెద్ద విద్యార్థులకు అదీ ఒక సాధనే.

టెలిగ్రామ్: పాఠాల బీరువా

విద్యార్థులు ముప్పై, నలభై దాటితే, లేదా సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు తయారుచేస్తుంటే టెలిగ్రామ్ మేలు. కొత్తగా చేరినవారికి మొదటి రోజు నుంచీ ఉన్న పాఠాలు కనిపించేలా పెట్టవచ్చు. ఫైళ్లు ఫోను నింపకుండా సర్వర్‌లోనే ఉంటాయి. ఒక్కో ఫైలు 2 జీబీ దాకా ఉండవచ్చు కనుక గంటన్నర కచేరీ రికార్డింగు కూడా ముక్కలు చేయకుండా పెట్టవచ్చు. గ్రూపును అంశాలుగా విడదీసే వీలుంది: గీతాలు ఒకచోట, వర్ణాలు ఒకచోట, తాళాల లెక్కలు, పరీక్షకు కావలసిన లక్షణగ్రంథాల (సంగీతశాస్త్ర పుస్తకాల) విషయాలు ఇంకోచోట. ఫోను నంబరు ఇతరులకు కనిపించకుండా దాచుకోవచ్చు. టీనేజీ అమ్మాయిలున్న గ్రూపుకు ఇది చిన్న విషయం కాదు. వాట్సాప్ గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది.

మరి దీన్నే మొదటి స్థానంలో ఎందుకు పెట్టలేదంటే, అమ్మలు, అమ్మమ్మలు రోజూ తెరిచేది వాట్సాప్. పదేళ్ల పిల్లల సాధన నడిచేది వాళ్ల ఫోనులోనే. టెలిగ్రామ్‌ను కొత్తగా వేయించినా వారం తర్వాత ఎవరూ తెరవరు. పైగా అపరిచితుల చానళ్లు, మోసపు సందేశాలు అక్కడ ఎక్కువ. పెద్ద విద్యార్థులు, కాలేజీవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవారు ఉన్నచోట మాత్రం దీనికి సాటి లేదు.

యూట్యూబ్: వినడానికి, చూపించడానికి

వీణ, వయొలిన్, మృదంగం నేర్పేవారికి ఆడియో చాలదు. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడం, వయొలిన్‌లో కమాను కదలిక, మృదంగం మీద వేళ్లు పడే చోటు కళ్లతో చూడాలి. పాఠాన్ని వీడియో తీసి యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెడితే లింకు ఉన్నవారికి మాత్రమే కనిపిస్తుంది. వెతికితే దొరకదు. లింకు చేతులు మారితే మాత్రం ఎవరైనా చూడగలరని గుర్తుంచుకోండి.

గాత్రానికి యూట్యూబ్ చేసే గొప్ప మేలు వేగం తగ్గించే సదుపాయం. 0.75కో 0.5కో తగ్గించినా శ్రుతి మారదు. విద్వాంసులు వేగంగా పాడిన సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) ఒక్కొక్కటిగా పట్టుకోవడానికి ఇంతకు మించిన సాధనం నేను చూడలేదు. పాత రోజుల్లో గ్రామఫోను పళ్లెం వేగం తగ్గిస్తే గొంతూ దిగిపోయేది.

వినికిడి పెంచడానికి ఒక పని చేయండి. వారానికి ఒక రాగం ఎంచుకుని ప్లేలిస్టు పెట్టండి. ఈ వారం మోహన అయితే మోహన వర్ణం, త్యాగరాజస్వామి నను పాలింప, దానిని ఇద్దరు ముగ్గురు విద్వాంసులు పాడిన తీరు. చివర్లో మాయాబజార్‌లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ కూడా చేర్చండి. స స్వరం నుంచి పైకి వెళ్తూ స్వరాలు గుర్తుపట్టమని పిల్లలకు చెప్పండి. సినిమా పాట కింద తాము రోజూ పాడే స రి గ ప ధ ఉందని తెలిసిన క్షణంలో వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అమ్మానాన్నలు కూడా పక్కన చేరి వింటారు. ఇంట్లో సంగీతం గురించి మాట మొదలవుతుంది. నా దృష్టిలో సోషల్ మీడియా ఇచ్చే ఫలితాల్లో ఇది అన్నిటికంటే విలువైనది.

తిరుగుదారి మాత్రం ఇక్కడ సన్నం. పిల్లలు తమ వీడియో అప్‌లోడ్ చేసి లింకు పంపడం పెద్ద పని. వీడియోకు పిల్లల కోసం చేసినదని గుర్తు పెడితే వ్యాఖ్యలు మూతపడతాయి. అందుకే పాఠం యూట్యూబ్‌లో, జవాబు వాట్సాప్‌లో అనుకుంటే సరిపోతుంది.

పెద్ద విద్యార్థులకు సౌండ్‌క్లౌడ్ కూడా చూపించవచ్చు. పాడిన ఆడియో అక్కడ అలలు అలలుగా గీతలా కనిపిస్తుంది, ఏ సెకను దగ్గర ఏం చెప్పాలో సరిగ్గా అక్కడే వ్యాఖ్య పెట్టవచ్చు. పది నిమిషాల కృతిలో అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) మూడో సంగతి దగ్గర తాళం తప్పిందని చెప్పడానికి ఇది ఎంతో వీలు. మన పల్లెల్లో, చిన్న ఊళ్లలో దీన్ని వాడేవారు తక్కువ కనుక గ్రూపు మొత్తాన్ని దీని మీదికి తేవాలని చూడకండి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్మ్యూల్

ఇన్‌స్టాగ్రామ్ గురించి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడుగుతారు. ‘పాప రీల్ పెడితే ప్రోత్సాహంగా ఉంటుంది కదండీ?’ అని. కచేరీ వేదిక ఎక్కిన తర్వాత, పిల్లలకు పదహారు పదిహేడేళ్లు వచ్చిన తర్వాత అభ్యంతరం లేదు. అంతకుముందు వద్దని నా సలహా. నిమిషం నిడివిలో మెరవాలంటే చిట్టస్వరాలనే స్వరాల వరుసలు, వేగమైన చోట్లు ఏరుకుంటారు. విలంబకాలంలో ఒక స్వరం మీద నిలిచి పాడే ఓపిక తగ్గుతుంది. అపస్వరం పాడినా బంధువులు లైకులు ఇస్తారు. పిల్లలకు అది గురువు మాట కంటే తీపిగా ఉంటుంది. పెడతామనే పట్టుదల ఉంటే ఖాతా ప్రైవేటుగా ఉంచండి. టీనేజీ వారి ఖాతాలు మొదటి నుంచీ ప్రైవేటుగానే ఉండే ఏర్పాటు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది. వయసు ఎక్కువ వేసి ఆ రక్షణను తీసేయకండి.

ఫేస్‌బుక్‌లో ప్రైవేటు గ్రూపులు రసికులకు, పెద్దవాళ్లకు బాగుంటాయి. ఒక రాగం మీద వారాల తరబడి చర్చలు, పాత కచేరీ ఫోటోలు, సాహిత్యంలో పాఠభేదాలు అన్నీ అక్కడ దొరుకుతాయి. పిల్లలు అక్కడ ఉండరు.

స్మ్యూల్ సినిమా పాటలకు, లలిత సంగీతానికి సరదా వేదిక. అపరిచితులతో యుగళగీతాలు పాడవచ్చు. గొంతును దిద్ది మెరుగులు పెట్టే ఎఫెక్టులు అందులో ఉంటాయి కనుక శాస్త్రీయ సాధనకు వద్దు. శ్రుతి తప్పిన సంగతి పాడేవారికే తెలియకుండా పోతుంది.

జూమ్ క్లాసులు నడిపేవారికి ఒక్క మాట

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు విజయవాడ, హైదరాబాదు గురువుల దగ్గర నేర్చుకోవడం ఇప్పుడు మామూలైంది. న్యూజెర్సీకి మనకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర గంటల తేడా. గురువు పొద్దున్నే లేస్తే అక్కడ పిల్లలు రాత్రి భోజనం ముందు పాడతారు. నేరుగా జరిగే ఈ క్లాసులో రెండు ఇబ్బందులు ఎప్పుడూ ఉంటాయి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కనుక ఇద్దరూ కలిసి పాడలేరు, గురువు వేసే తాళానికి శిష్యుడు పాడలేడు. రెండోది, అనవసరపు చప్పుడును తీసేసే ఏర్పాటు ఎడతెగకుండా మోగే తంబుర నాదాన్ని కూడా చప్పుడు అనుకుని కత్తిరిస్తుంది. జూమ్ ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అన్నదాన్ని ఆన్ చేస్తే ఈ రెండో బాధ తీరుతుంది. మొదటిది తీరదు. అందుకే నేరు క్లాసులో వినిపించడం, దిద్దడం పెట్టుకుని, తాళంతో పూర్తిగా పాడించే పనిని రికార్డు చేసి పంపే పద్ధతికి వదిలేయండి. వేళల తేడా కూడా అప్పుడు అడ్డం రాదు.

ఎవరికి ఏది

ఇంట్లో పది పదిహేనుమందికి చెప్పే టీచరైతే వాట్సాప్, దానితోపాటు యూట్యూబ్ ప్లేలిస్టు. ఇంకేమీ అక్కర్లేదు. వాద్యం నేర్పేవారు ఇందులో యూట్యూబ్‌కు పెద్దపీట వేయాలి. సంగీత కళాశాలలు, పెద్ద శిక్షణాలయాలు పాఠాల నిల్వకు టెలిగ్రామ్ పెట్టుకుని, దిద్దుబాటును మాత్రం ఒక్కో టీచరు తన విద్యార్థులతో విడిగా నడపాలి. విదేశాల్లోని పిల్లలకు జూమ్, వాట్సాప్ రెండూ కలిపి.

త్యాగరాజ ఆరాధనకు ఘనరాగ పంచరత్నాలు (త్యాగరాజు అయిదు పెద్ద కృతులు) కలిసి పాడే బృందాలది వేరే అవసరం. ఒక్కొక్కరు ఒక్కో గురుపరంపర నుంచి వస్తారు, పాఠాంతరాలు, అంటే ఒకే కృతిని పాడే తీరులు, వేరు. ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమికి రెండు నెలల ముందే ఒక పాఠాన్ని ఖాయం చేసి, ప్రతి చరణాన్నీ విడివిడిగా రికార్డు చేసి ఒకేచోట పెట్టాలి. యూట్యూబ్ అన్‌లిస్టెడ్ ప్లేలిస్టు దీనికి చక్కగా కుదురుతుంది. వరాళి రాగాన్ని గురువు నేరుగా చెప్పకూడదని, చెబితే గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలు వస్తాయని పాత నమ్మకం ఉంది. ఈ అయిదింటిలో వరాళిలో ఉన్న కనకన రుచిరాను విని మాత్రమే నేర్చుకున్నవారు అందుకే ఉన్నారు. ఆ నమ్మకం పాటించే పెద్దలకు ఈ ప్లేలిస్టు ఎంతో నచ్చుతుంది.

ఏది ఎంచుకున్నా ఇవి తప్పనిసరి

వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడింటికీ కనీస వయసు పదమూడేళ్లు. అంతకన్నా చిన్నవారికి అమ్మానాన్నల ఖాతానే వాడాలి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. కాబట్టి పిల్లల పాటనో వీడియోనో గ్రూపు దాటించి బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. శిక్షణాలయం ప్రచారానికి వాడుకోవడానికైతే విడిగా మరోసారి అడగండి.

హక్కుల సంగతీ ఉంది. త్యాగరాజు, శ్యామశాస్త్రి, దీక్షితుల కృతులు పాడి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఒక కంపెనీ విడుదల చేసిన రికార్డింగును ఎక్కించడం వేరు. అన్నమాచార్య సంకీర్తనల సాహిత్యం పాతదే అయినా, ఈ రోజు మనం పాడుకునే వరుసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు. వాటిని బయట పెట్టేటప్పుడు స్వరపరిచినవారి పేరు తప్పకుండా రాయండి. డబ్బు వచ్చే చానల్ అయితే హక్కులెవరివో ముందే కనుక్కోండి.

టీచర్లకు తమ సమయం మీద హద్దు కూడా ఉండాలి. రికార్డింగులు రాత్రి ఎనిమిది లోపు పంపాలని, జవాబు మర్నాటిలోగా వస్తుందని మొదటి రోజే చెప్పండి. ఒక్కొక్కరు వారానికి రెండు పంపితే చాలు, ఒక్కోటి నిమిషం దాటనక్కర్లేదు. పంపే ముందు ఒకసారి తమ పాటను తామే వినమని పిల్లలకు చెప్పండి. సగం తప్పులు అప్పుడే వాళ్లకు వినిపించి, మళ్లీ పాడి సరిచేసుకున్నదే పంపుతారు. క్లాసు మానేసిన పిల్లలను గ్రూపులోంచి తీసేటప్పుడు వాళ్ల రికార్డింగులను తల్లిదండ్రులకు పంపి, మీ ఫోనులోని కాపీలు తుడిచేయండి.